గ్రూపులో ఉన్నవాళ్ళు, గేటు దగ్గర ఉన్నవాళ్ళు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని నాకొక కాగితం ఇచ్చారు. చాలా పొడుగ్గా ఉంది, అది చదువుతూ కూర్చుంటే నాకిచ్చిన టైములో సగం దానికే పోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం పెడుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నగరంలో మన ఆన్‌లైన్ గ్రూపులు, మన అసలు ఇరుగుపొరుగు, ఇదీ నాకిచ్చిన అంశం. ఈ గ్రూపులు దండగ అని చెప్పడానికి నేను రాలేదు. అర్ధరాత్రి కరెంటు పోతే 'మీకూ పోయిందా' అని అడగ్గానే పదిమంది జవాబిస్తారు. అర్జెంటుగా రక్తం కావాలంటే మనిషి దొరుకుతాడు. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఒక మాట చెప్పాడు. కొత్త కబురు మనకు ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ళ ద్వారానే ఎక్కువగా అందుతుందట, ఎందుకంటే దగ్గరివాళ్ళకు తెలిసింది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది. కాలనీ గ్రూపు నిండా ముఖపరిచయాలే కదా.

1990ల చివర్లో కెనడాలో, టొరంటో శివార్లలో కొత్తగా కట్టిన ఒక కాలనీని కీత్ హాంప్టన్, బారీ వెల్మన్ అనే ఇద్దరు పరిశోధించారు. అక్కడ కొన్ని ఇళ్ళకు ఇంటర్నెట్‌తో పాటు కాలనీవాళ్ళు మాట్లాడుకునే ఆన్‌లైన్ ఏర్పాటు కూడా ఉంది, మిగతా ఇళ్ళకు లేదు. ఉన్నవాళ్ళు సగటున 25 మంది పొరుగువాళ్ళను పేరుతో సహా గుర్తుపట్టారు. లేనివాళ్ళు 8 మందిని. ఇళ్ళల్లో లోపాలుంటే బిల్డర్ మీద కలిసికట్టుగా పోరాడింది కూడా కనెక్షన్ ఉన్నవాళ్ళే. కాబట్టి ఇంటర్నెట్ వచ్చి మనుషుల్ని విడదీసింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి నా బాధ ఏమిటి? చెప్తాను.

ఆ మధ్య మా అపార్టుమెంటు గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పై అంతస్తు బాల్కనీలోంచి తీసింది. గేటు పక్కన గోడకు ఆనుకుని ఒక కుర్రాడు, భుజాన నల్ల బ్యాగు, చేతిలో ఫోను, తలెత్తి మా బిల్డింగు వైపు చూస్తున్నాడు. దాని కింద, 'ఇతనెవరు? అరగంటగా ఇక్కడే తచ్చాడుతున్నాడు.' అంతే, మొదలైంది. ఒకరు నిన్న కూడా చూశామన్నారు. ఇంకొకరు ఆ బ్యాగులో ఏముందో అన్నారు. ఇంకొకరు మొహం మటుకు కత్తిరించి పక్క వీధి గ్రూపుకు కూడా పంపేశారు. పోలీసులకు ఫోన్ చేద్దామన్నదాకా వెళ్ళింది.

ఆ కుర్రాడు మూడో అంతస్తులో మంచం పట్టిన పెద్దాయనకు రాత్రిపూట సాయంగా ఉండే అటెండెంటు. డ్యూటీ టైము ఇంకా కాలేదని బయట నిలబడ్డాడు. రోజూ వచ్చే మనిషే. మా వాచ్‌మన్‌కు అతని పేరు తెలుసు, ఊరు తెలుసు, ఎవరింటికి వస్తాడో తెలుసు. ఆ వాచ్‌మన్ అప్పుడు గేటు లోపల, నాలుగడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాడు. గ్రూపులో అంతమంది మాట్లాడారు, ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని అడగలేదు. ఆయన గ్రూపులో లేడు మరి.

ఇది చెప్పేటప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది, క్షమించండి. ఆ కుర్రాడికి సారీ చెప్పినవాళ్ళు లేరు. పక్క వీధి గ్రూపులో ఆ మొహం ఇంకా అలాగే ఉండే ఉంటుంది.

మన గ్రూపుల్లో ఎవరుంటారు? ఓనర్లు, కొన్నిచోట్ల అద్దెకున్నవాళ్ళు. చెత్త తీసుకెళ్ళేవాళ్ళు, మెట్లు తుడిచేవాళ్ళు, మోటారు వేసేవాళ్ళు ఉండరు. ఎవరింటి తలుపు రెండ్రోజులుగా తీయలేదో ముందు తెలిసేది వాళ్ళకే.

అమెరికాలో నెక్స్ట్‌డోర్ అని ఇరుగుపొరుగు కోసమే పెట్టిన యాప్ ఉంది, 2011లో మొదలైంది. నల్లజాతి మనిషి ఊరికే నడిచి వెళ్తున్నా అనుమానితుడని పోస్టులు పెడుతున్నారని 2015లో ఓక్లాండ్ నగరంలో జనం గొడవ చేశారు. మరుసటి ఏడు ఆ కంపెనీ అలాంటి పోస్టులు పెట్టే ఫారమే మార్చింది. రంగు రాస్తే చాలదు, ఆ మనిషి ఏం చేస్తున్నాడో, ఇంకా ఆనవాళ్ళేమిటో కూడా రాయాలి. మన గ్రూపుల్లో ఆ మాత్రం అడ్డు కూడా లేదు.

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చని 2022లో పెంచారు, దాని మీద ఒక పేజీ రాసుకొచ్చాను. అది వదిలేస్తున్నాను. షికాగో గురించి చెప్పాలి.

1995 జులైలో అక్కడ వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ముసలివాళ్ళు, చాలామంది ఒంటరివాళ్ళు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే పరిశోధకుడు పక్కపక్కనే ఉన్న రెండు పేటలు చూశాడు, నార్త్ లాండేల్, సౌత్ లాండేల్. రెండింట్లోనూ పేదరికం, ఒంటరి వృద్ధులు ఇంచుమించు ఒకేలా ఉన్నారు. ఎండ కూడా ఒకటే. ఒకచోట లక్షకు 40 మంది పోయారు, రెండోచోట లక్షకు నలుగురు కూడా లేరు. ఆ రెండో పేటలో వీధిలో దుకాణాలు, జనం, సందడి ఉండేవి, ముసలివాళ్ళు ధైర్యంగా బయటికొచ్చేవాళ్ళు. మొదటి పేటలో దుకాణాలు మూతబడ్డాయి, ఇళ్ళు పాడుబడ్డాయి, నేరాల భయంతో తలుపు గడియ పెట్టుకుని లోపలే ఉండిపోయారు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఫొటో చూశాక మా బిల్డింగులో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ ముక్కూమొహం తెలియని మనిషికి తలుపు తీస్తుందా? సాయం చెయ్యడానికి వచ్చినవాడికైనా తీస్తుందా? దొంగలు లేరని నేననడం లేదు. అనుమానం వస్తే కిందికి దిగండి, వాచ్‌మన్‌ను అడగండి, ఆ మనిషినే 'ఎవరి కోసం బాబూ' అని అడగండి. ఒంటరిగా దిగడానికి భయమైతే గ్రూపులో 'ఎవరైనా నాతో వస్తారా' అని రాయండి, దానికి పనికొస్తుంది గ్రూపు.

ఇంకొక్క విషయం. హాలు బయట బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాను. రెండే గళ్ళు. మీ బిల్డింగులో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ ఫ్లాటు నంబరు, వాళ్ళు సరేనంటేనే. పక్కన, రోజుకొకసారి వెళ్ళి తలుపు తట్టగలిగినవాళ్ళ పేరు. మీకు తెలియకపోతే రేపు మీ వాచ్‌మన్‌ను అడిగి వచ్చి రాయండి. ఆ పేజీని ఫొటో తీసి మటుకు గ్రూపుల్లో పెట్టకండి, ఒంటరిగా ఎవరున్నారో ఊరందరికీ తెలియడం వాళ్ళకు మంచిది కాదు. పెన్ను దారంతో కట్టి ఉంది. కార్యదర్శి గారు రెండోసారి గంట కొట్టారు, మైకు ఇచ్చేస్తున్నాను.