ముందు రాతలు వద్దు, ప్యాకెట్ వెనక్కి తిప్పండి

నమస్కారం. ఈ బల్ల మీద మూడు వస్తువులున్నాయి: నూనె ప్యాకెట్, రాగి బిస్కెట్లు, ఆవకాయ సీసా. మూడింటినీ వెనక్కి తిప్పి చదువుదాం.

ముందు నూనె. ‘కొలెస్ట్రాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. నిజమే, కానీ వేరుశనగ నూనెలో అది ఎప్పుడుంది కనుక? కొలెస్ట్రాల్ జంతువుల శరీరంలో తయారయ్యే పదార్థం. గింజల నుంచి తీసిన నూనెలో లెక్కలోకి వచ్చేంత ఉండదు. మన రక్తంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయం చేసినదే. అందులో చెడ్డదని పేరుపడ్డ ఎల్‌డీఎల్‌ను పెంచేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు, ప్యాకెట్ వెనక పోషకాల పట్టికలో శాచురేటెడ్ ఫ్యాట్ అని రాసేది. పామాయిల్‌లో దాదాపు సగం అదే. అంటే ‘కొలెస్ట్రాల్ లేని’ పామాయిల్ కూడా మీ రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ అంకెను పెంచగలదు! మీరు చూడాల్సింది ఆ సంతృప్త కొవ్వు వరుసనే. కేలరీల మాటకొస్తే, ఏ నూనె అయినా గ్రాముకు 9 కిలో కేలరీలు. ప్రకటనలో ఎంత ‘లైట్’ అన్నా ఆ 9 తగ్గదు. పిండి పదార్థాలకూ మాంసకృత్తులకూ అయితే గ్రాముకు 4.

ఇక బిస్కెట్లు. ముందు రాగి కంకి బొమ్మ. వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు మైదా. ఈ జాబితాను బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. మైదా, చక్కెర, పామాయిల్ వచ్చాక రాగి పిండి వచ్చిందంటే అది ఎంత ఉందో మీరే ఊహించుకోండి.

చక్కెర దగ్గర కొంచెం ఆగాలి. ‘టోటల్ షుగర్స్’ అంటే పాలలో, పండ్లలో సహజంగా ఉండేవీ కలిపిన మొత్తం. ‘యాడెడ్ షుగర్స్’ అంటే విడిగా కలిపినది. మన గొడవ రెండో దానితోనే. 100 గ్రాములకు 25 గ్రాములు కలిపారనుకుందాం. ఒక్కో బిస్కెట్ 8 గ్రాములైతే, నాలుగు తింటే 8 గ్రాముల చక్కెర, అంటే సుమారు రెండు చెంచాలు. టీలో వేసుకున్నది వేరే. పక్కన శాతాల గడిలో ఇదే 16 శాతంగా కనిపిస్తుంది. ఎందుకంటే మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క రోజుకు 50 గ్రాముల మీద వేసినది. 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆ లెక్కన 16 కాస్తా 32 అవుతుంది. పైగా ఆ శాతం ‘ఒక సర్వింగ్’కు, అంటే ఒకసారి తింటారని కంపెనీ రాసిన మోతాదుకు వేసినది. సర్వింగ్ అంటే రెండే బిస్కెట్లని రాస్తే 8 శాతమే కనిపిస్తుంది. రెండు బిస్కెట్లతో చెయ్యి ఆగే ఇల్లు నేనైతే చూడలేదు. అందుకే నేను 100 గ్రాముల గడినే నమ్ముతాను. రెండు కంపెనీలను పోల్చడానికి పనికొచ్చేది కూడా అదే.

మాల్టోడెక్స్‌ట్రిన్ అన్న పేరు కనిపిస్తే గమనించండి. అది పిండి నుంచి తీసిన పొడి. చాలావరకు చక్కెర గడిలో చేరదు, కానీ రక్తంలో గ్లూకోజును వేగంగా పెంచుతుంది. మధుమేహం ఉన్నవారికి ‘చక్కెర కలపలేదు’ అన్న ఒక్క మాట చాలదు. మొత్తం కార్బోహైడ్రేట్ల వరుస కూడా చూడాలి.

చివరికి ఆవకాయ. దాన్ని మానమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. సీసా మీద ‘ఉప్పు’ అన్న గడి ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు 4000 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకోండి. 15 గ్రాముల ముద్ద వేసుకుంటే 600 మిల్లీగ్రాములు, అంటే ఒకటిన్నర గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి పరిమితి 5 గ్రాములు. ఇంకా పప్పు, చారు, పెరుగన్నం రానే లేదు. తియ్యటి బిస్కెట్‌లో కూడా సోడియం ఉంటుంది, వంటసోడా రూపంలో.

మీ ఇంట్లో ఊరగాయ సీసా మీద సోడియం అంకె ఎంతుందో కింద కామెంట్‌లో రాయండి. ఇంట్లో పెట్టిన ఆవకాయ అయితే, కొలతలో ఉప్పు ఎంత పోశారో అమ్మనో అత్తయ్యనో అడిగి రాయండి.