టానర్ దారిలో కొలరాడో నది దాకా

సభకు నమస్కారం. ఫీనిక్స్‌లో ఉంటూ గ్రాండ్ కాన్యన్ చూడని మనవాళ్లు అరుదు. ఇండియా నుంచి చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తాం. పైనుంచి చూసి, ఫొటోలు దిగి, చీకటి పడేలోగా ఇంటికొచ్చేస్తాం. నేను చెప్పబోయేది కిందికి దిగడం గురించి. అదీ జనం ఎక్కువగా తిరిగే బ్రైట్ ఏంజెల్ దారి కాదు, తూర్పున లిపాన్ పాయింట్ దగ్గర మొదలయ్యే టానర్ దారి.

"తిరుమల మెట్లెక్కినవాళ్లం, మాకిదో లెక్కా?" అంటారు మనవాళ్లు. లెక్కే. అక్కడ ఒంట్లో సత్తువ ఉండగానే కష్టం ముందొచ్చేస్తుంది. చేతకాకపోతే వెనక్కి దిగిపోవచ్చు. ఇక్కడ పొద్దున్నే చల్లగాలిలో హాయిగా దిగిపోతాం. ఎండ ముదిరి, నీళ్లు అడుగంటి, మోకాళ్లు వణికే వేళకి అసలు ఎక్కుడు మొదలవుతుంది.

నది దాకా సుమారు 14 కిలోమీటర్లు, దిగే లోతు 1,400 మీటర్ల పైమాటే. దారిలో నీటిబొట్టు దొరకదు, నీడా అంతంతమాత్రమే. వేసవిలో నది ఒడ్డున 40 డిగ్రీలు దాటడం మామూలే. ఒక్కరోజులో నది దాకా వెళ్లి తిరిగి రావద్దని పార్కువాళ్లు పదేపదే చెప్పేది ఇందుకే. తిరిగొచ్చేటప్పటికి పనికొస్తాయని కొందరు దిగుతూనే దారి పక్కన నీళ్ల సీసాలు దాచుకుంటారు.

సగం దారి దాటాక రెడ్‌వాల్ వస్తుంది, ఎర్రగా కనిపించే రాతి పొర. నిటారు గోడ, కాలి కింద రాళ్లు జారుతుంటాయి. కర్ర లేకుండా దిగొద్దు. అక్కడ ఆగి, కొత్తగా విరిగిన అంచు ఒకటి చూడండి. లోపల రాయి బూడిదరంగు! ఎరుపంతా పై పొరల్లోంచి వానకు కారిన ఇనుపతుప్పు.

నీళ్లు తాగమని అందరూ చెబుతారు. ఉత్త నీళ్లే అదేపనిగా తాగినా ముప్పే. చెమటతో ఉప్పు పోయి, రక్తంలో సోడియం పడిపోతే తలనొప్పి, వాంతులు, మాట తికమక. వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టిస్తే మరీ ముదురుతుంది. జంతికలు, ఊరమిరపకాయలు, ఆవకాయ పెట్టి చుట్టిన చపాతీ మూటలో ఉండాలి. ఈ ఒక్కచోట మన తిండిదే పైచేయి. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం ముందు ఆయన్నే అడగండి.

నది నీళ్లు బురదగా ఉంటే నేరుగా ఫిల్టర్లో పోయకండి, క్షణాల్లో పూడుకుపోతుంది. బకెట్లో పటిక తిప్పి, తేట వంచుకుని, అప్పుడు వడకట్టండి.

ఇంకో చిన్న సంగతి. బయల్దేరే ముందు కాలిగోళ్లు కత్తిరించుకోండి. దిగినంతసేపూ వేళ్లు బూటు కొసకు గుద్దుకుంటూనే ఉంటాయి. గోరు నల్లబడి ఊడిపోయాక ఆ బాధ వారాల తరబడి ఉంటుంది.

కింద రాత్రి ఉండటానికి బ్యాక్‌కంట్రీ పర్మిట్, అంటే పార్కువాళ్ల బస అనుమతి, తప్పనిసరి. కొన్ని నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. వచ్చే వసంతానికి వెళ్దామనుకునేవాళ్లుంటే ఇప్పుడే చెయ్యెత్తండి, తేదీలు మాట్లాడుకుందాం.