తల కొలత మామూలుగానే ఉన్నా: జికా సోకిన గర్భిణి కోతుల నుంచి తెలిసింది

అందరికీ నమస్కారం.

దోమకాటుతో సోకే జికా వైరస్ అనగానే 2015లో బ్రెజిల్‌లో చిన్న తలలతో పుట్టిన పిల్లలే గుర్తొస్తారు. అందుకే స్కాన్‌లో తల చుట్టుకొలత మామూలుగా ఉంటే గండం గడిచిందనుకుంటాం. గర్భిణి కోతుల మీద జరిగిన పరిశోధన చూశాక ఆ ధీమా నిలవదు.

కోతే ఎందుకు? ఎలుక మూడు వారాల్లో ఈనేస్తుంది. పైగా మామూలు ఎలుకలో జికా సరిగా నిలదొక్కుకోదు. మన కణాల్లో ఇంటర్‌ఫెరాన్ (వైరస్ సోకగానే కణాలు విడుదల చేసే రక్షణ ప్రోటీన్) సంకేతాన్ని మోసే స్టాట్2 ప్రోటీన్‌ను ఈ వైరస్ విరిచేస్తుంది, ఎలుక స్టాట్2 జోలికి మాత్రం పోలేదు. అందువల్ల సాధారణంగా ఇంటర్‌ఫెరాన్ దారిని ముందే మూసేసిన ఎలుకల్ని వాడతారు. రక్షణే లేని తల్లిని చూసి మామూలు తల్లి గురించి ఎంతవరకు చెప్పగలం?

ఈ ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది రీసస్ కోతి. రీసస్ అంటే వేరే ఏదో జంతువు కాదు, ఉత్తరాదిలో గుళ్ళ దగ్గర చేతిలోని అరటిపండు లాక్కుపోయే ఎర్రమూతి కోతే. 1947లో ఉగాండాలోని జికా అడవిలో ఈ వైరస్ మొదట దొరికింది కూడా వైరస్‌ల జాడ పట్టడానికి అక్కడ ఉంచిన రీసస్ కోతి రక్తంలోనే. దాని గర్భకాలం సుమారు 165 రోజులు. సాధారణంగా ఒక్కటే పిల్ల. మాయలో (ప్లాసెంటాలో) మనుషుల్లో లాగే తల్లి రక్తం నేరుగా పిండం విల్లైలను, అంటే వేళ్ళలా పొడుచుకొచ్చిన సన్నటి భాగాలను, తడుపుతుంది. తేడా ఏమిటంటే, రీసస్ మాయ మామూలుగా రెండు బిళ్ళలుగా ఉంటుంది. ఒక బిళ్ళలోంచే ముక్క తీసి వైరస్ లేదనడం ఇక్కడ తేలిగ్గా జరిగే పొరపాటు.

ప్రయోగం ఇలా సాగుతుంది. రుతుచక్రం చూసి జత కలుపుతారు, అల్ట్రాసౌండ్‌తో గర్భం వయసు ఖాయం చేసుకుంటారు. జికా, దాని బంధువులైన డెంగీ, వెస్ట్ నైల్ వైరస్‌ల యాంటీబాడీలు ముందే ఉన్నాయేమో చూస్తారు. అవి ఉంటే ఫలితం కలగాపులగం అయిపోతుంది. తర్వాత దోమకాటును పోలినట్టు సుమారు 10,000 ప్లాక్ యూనిట్ల (సోకగల వైరస్‌ను లెక్కించే కొలమానం) వైరస్‌ను చర్మం కిందికి ఎక్కిస్తారు. మొదట్లో రోజూ, ఆపైన అప్పుడప్పుడూ రక్తం తీసి, వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చేస్తారు. స్కాన్‌లో తల, తొడ ఎముక కొలుస్తూ పోతారు. కాన్పుకు కాస్త ముందు సిజేరియన్ చేసి తల్లివీ, మాయవీ, పిండానివీ కణజాలాలు పదుల సంఖ్యలో సేకరిస్తారు. ప్రతిసారీ కెటమిన్ మత్తు తప్పదు. మత్తు, సూది, ఉమ్మనీరు తీయడం, వీటివల్ల కూడా గర్భం పోవచ్చు. కాబట్టి వైరస్ ఎక్కించని కోతులకూ అన్నీ అదే లెక్కన జరగాలి. ఆ పోలిక లేని గర్భస్రావాల లెక్కను పట్టించుకోనక్కర్లేదు.

అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకుల బృందం 2016లో గమనించిన సంగతి చూడండి. గర్భం లేని కోతుల రక్తంలోంచి వైరస్ సుమారు పది రోజుల్లో పోయింది. గర్భిణుల్లో ఒకదానిలో 57 రోజుల దాకా కనిపించింది. పిండమో మాయో వైరస్‌ను తిరిగి తల్లి రక్తంలోకి వదులుతూ ఉండవచ్చన్నది బలమైన ఊహ. 2017లో అదే బృందం నాలుగు గర్భాలు పరిశీలిస్తే నాలుగింటిలోనూ పిండానికి సోకిన ఆధారాలు దొరికాయి. కళ్ళలో వాపు కూడా కనబడింది. 2018లో కోతుల మీద పరిశోధించే ఆరు ప్రైమేట్ కేంద్రాల లెక్కలు కలిపితే, గర్భం తొలిదశలో సోకిన 50 కోతుల్లో 13 పిండాలు దక్కలేదు, అంటే 26 శాతం. తల్లుల్లో మాత్రం జబ్బు లక్షణాలు అంతంతే. మనుషుల్లో తల్లికి జబ్బే తెలియకపోతే, అలా పోయిన గర్భాన్ని జికా ఖాతాలో ఎవరు వేస్తారు?

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పిగ్‌టెయిల్ అనే మరో జాతి కోతుల మీద పనిచేశారు. 2018 ఫలితాల్లో, తల అంతగా చిన్నబడని పిండాల్లో కూడా కొత్త న్యూరాన్లను పుట్టించే మూలకణాలు తగ్గిపోయాయి, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ దెబ్బతింది. అక్కడ మోతాదు దోమకాటు కంటే చాలా ఎక్కువ, ఐదు చోట్ల ఎక్కించారు. ఆ అభ్యంతరం న్యాయమే. కానీ స్కాన్ టేపుకు అందని నష్టం ఉండగలదని చూపడానికి అది చాలు.

అసలు వైరస్ పిండాన్ని చేరనే అక్కర్లేదు. 2010లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం చివరి దశలో ఫ్లూ సోకిన రీసస్ తల్లుల పిల్లలకు ఏడాది వయసులో ఎమ్మారై తీస్తే మెదడులో గ్రే మ్యాటర్ (నాడీకణాలు ఎక్కువగా ఉండే భాగం) తగ్గి కనిపించింది. పిండానికి ఫ్లూ నేరుగా సోకిన ఆధారం మాత్రం లేదు. జికాలోనూ మాయలో వాపు, విల్లైల గుండా ఆక్సిజన్ అందడం తగ్గడం ఎమ్మారైలో బయటపడ్డాయి.

మన దేశంలో 2018లో జైపూర్‌లో జికా వ్యాపించింది. మహారాష్ట్ర కేసుల తర్వాత 2024 జులైలో గర్భిణులపై నిఘా పెట్టాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. తల్లికి జికా తేలితే, పుట్టిన బిడ్డ తల కొలత బాగున్నా కంటి రెటీనా, వినికిడి పరీక్షలు చేయించాలి, తల అల్ట్రాసౌండ్ తీయించాలి, ఎదుగుదలను గమనిస్తూ ఉండాలి. కాన్పు చేసే వైద్యులు మాయను పారేయకండి. తల్లి వైపు, బిడ్డ వైపు, అంచుల్లో, మధ్యలో ముక్కలు తీసి, కొన్ని ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవంలో) వేయండి, కొన్నిటిని మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. ఫార్మలిన్ వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను పాడుచేస్తుంది కాబట్టి అన్నీ అందులోనే వేస్తే పీసీఆర్‌కు సరైన ముక్క మిగలదు.