తొమ్మిది గజాలు వదిలేసి గెలిచిన జట్టు

అందరికీ నమస్కారం.

ఆటల రూపకల్పన నేర్చుకుంటున్న మీ ముందు ఈ రోజు ఒక చిన్న తగవు పెడతాను. అమెరికన్ ఫుట్‌బాల్‌ను అనుకరించే ఆన్‌లైన్ ఆటల్లో పాస్ ఇంత బలంగా ఉన్నప్పుడు ఇంకా రన్ ఆడటంలో అర్థం ఉందా? మా లీగ్‌లో దీని మీద జరిగినంత వాదులాట పొలం గట్ల మీద కూడా జరగదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. పదకొండు మంది జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. బంతిని ఒకరి చేతికిచ్చి పరుగెత్తిస్తే రన్. క్వార్టర్‌బ్యాక్ ముందుకు విసిరితే మరొకరు అందుకోవడం పాస్. మేం ఆడే ఆటలో జాయ్‌స్టిక్ ఉండదు. ఏ పరిస్థితిలో ఏ ఎత్తు వేయాలో ముందే రాసి పెడతాం. రాత్రి సర్వర్ లెక్కలు వేసుకుంటుంది, పొద్దున్నే లేచి ఓడిపోయామని తెలుసుకుంటాం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న రోజుల్లో అంటుకున్న జబ్బు ఇది, ఇప్పటికీ వదలలేదు.

ముందు పాస్ పక్షం వాదన విందాం, ఎందుకంటే అది బలమైనదే. అమెరికాలోని అగ్రశ్రేణి వృత్తి లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఈ మధ్య ఒక రన్‌కు సగటున వచ్చేది నాలుగున్నర గజాలకు అటూ ఇటూగా. పాస్ విషయంలో, క్వార్టర్‌బ్యాక్ బంతితో పాటు నేలకూలి పోగొట్టిన గజాలను తీసివేసినా, ఆరు దాటుతుంది. మా లీగ్‌లో కొత్తగా చేరిన ఒక కుర్రవాడు దీనికి ఎదురు ప్రశ్న వేశాడు: "నాలుగు గజాల చొప్పున మూడు రన్‌లు ఆడితే పన్నెండు వస్తాయి కదండీ, పది చాలు కదా, ఇక బంతి పోయేదెప్పుడు?" లెక్క తప్పు కాదు, సగటును నమ్మడం తప్పు. రన్‌లను వరుసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని చూస్తే అది మూడు గజాలే. ఎప్పుడో ఒకసారి దొరికే నలభై గజాల పరుగు సగటును పైకి లాగుతుంది. మిగిలిన రోజుల్లో మూడు, ఒకటి, రెండు. ఆపై బంతిని తన్ని అవతలివాళ్లకు అప్పగించడమే.

గజాలను కాకుండా పాయింట్లను లెక్కించాలని మొదట పట్టుబట్టినవారిలో ఒక ఆటగాడే ఉన్నాడు. సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్, రాబర్ట్ మేకల్‌తో కలిసి 1971లో ఒక పరిశోధనా పత్రం రాశాడు. మైదానంలో ఏ గజం దగ్గర బంతి ఉంటే ఆ జట్టుకు ఎన్ని పాయింట్లు ఆశించవచ్చో అందులో లెక్కగట్టారు. క్రికెట్‌లో డక్‌వర్త్, లూయిస్‌లు మిగిలిన ఓవర్లకూ వికెట్లకూ విలువ కట్టిన పని లాంటిదే ఇది, కాకపోతే పాతికేళ్లు ముందు. ఆ తరహా లెక్కల్లోనూ చాలాకాలంగా పాస్‌దే పైచేయి. జట్లు పాస్ వేయాల్సినంతగా వేయడం లేదని 2009లో కోవాష్, లెవిట్ అనే ఆర్థికవేత్తలు చూపించారు.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. 1974 జనవరి సూపర్ బౌల్‌లో, అంటే ఆ లీగ్ ఫైనల్‌లో, మయామి డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ మ్యాచ్ మొత్తంలో విసిరినవి ఏడు పాస్‌లు. జట్టు 24-7తో గెలిచింది. 1978లో నియమాలు మార్చారు: బంతి అందుకోబోయేవాడిని ఐదు గజాలు దాటాక రక్షకుడు నెట్టకూడదు, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేవాళ్లు చేతులు చాచి అడ్డుకోవచ్చు. ఆరేళ్లకే డాన్ మరీనో ఒక సీజన్‌లో 5,084 గజాలు విసిరాడు. తమాషా ఏమిటంటే అదే 1984లో ఎరిక్ డికర్సన్ 2,105 గజాలు పరుగెత్తాడు. మరీనో రికార్డు ఎప్పుడో పోయింది, డికర్సన్‌ది ఇంకా అలాగే ఉంది. కాబట్టి మీరు ఆట తయారుచేస్తూ నేటి సగటులను ఇంజిన్‌లో, అంటే ఫలితాలు లెక్కగట్టే ప్రోగ్రామ్‌లో, పోస్తే, 1978 నాటి ఆ నియమాలనూ తెలియకుండానే పోస్తున్నట్టు.

ఇప్పుడు నాకు ఇష్టమైన మ్యాచ్ దగ్గరికి వస్తాను. 1991 జనవరి, టాంపాలో సూపర్ బౌల్. ఒక పక్క బఫలో బిల్స్: జిమ్ కెలీ క్వార్టర్‌బ్యాక్, మధ్యలో గుమిగూడి మాట్లాడుకోకుండా గబగబా ఎత్తు మీద ఎత్తు వేసే జట్టు. మరోపక్క న్యూయార్క్ జెయింట్స్: అసలు క్వార్టర్‌బ్యాక్ ఫిల్ సిమ్స్ గాయంతో బయట కూర్చుంటే, రెండో వరుస నుంచి వచ్చిన జెఫ్ హాస్టెట్లర్ ఆడుతున్నాడు. జెయింట్స్ రక్షణ బాధ్యత బిల్ బెలిచిక్‌ది. అతను తన ఆటగాళ్లతో అన్న మాట వాళ్లకే మింగుడుపడలేదు: బఫలో రన్నర్ థర్మన్ థామస్ వంద గజాలు దాటితేనే మనం గెలుస్తాం. ముందు వరుసలో ఇద్దరినే మోహరించి, మిగిలినవాళ్లను పాస్‌లు అడ్డుకోవడానికి వెనక్కి పంపాడు. రండి, పరుగెత్తండి అని వాకిలి తెరిచి పెట్టినట్టే.

థామస్ పరుగెత్తాడు. 15 రన్‌లు, 135 గజాలు. అంటే రన్‌కు తొమ్మిది గజాలు! ఏ సిమ్యులేషన్‌లోనైనా ఈ అంకె కనబడితే మనం ఏం చేస్తాం? అరవైసార్లు రన్ నొక్కుతాం. బఫలో మాత్రం థామస్‌ను పదిహేనుసార్లు పరుగెత్తించి ఆగింది. తమకు అలవాటైన ఆట పాస్, ఆ అలవాటు వదలలేకపోయారు.

అటు జెయింట్స్ ఏం చేశారు? నింపాదిగా రన్ ఆడారు. వాళ్ల ఓటిస్ ఆండర్సన్ 102 గజాలు చేశాడు, రన్‌కు ఐదు కూడా రాలేదు. కానీ గడియారం వాళ్ల చేతిలో ఉంది. రన్ ఆడితే సమయం నడుస్తూనే ఉంటుంది, అందని పాస్ పడితే ఆగిపోతుంది. మూడో క్వార్టర్‌లో ఒకే ఒక్క దాడి (బంతి చేతికొచ్చినప్పటి నుంచి పోయేదాకా ఆడే ఎత్తుల వరుస) 9 నిమిషాల 29 సెకన్లు సాగింది. అంతసేపూ కెలీ బయట నిలబడి చూడటం తప్ప ఏం చేయగలడు? మొత్తం అరవై నిమిషాల్లో 40 నిమిషాల 33 సెకన్లు బంతి జెయింట్స్ దగ్గరే ఉంది. చివరికి 20-19. ఆఖరి క్షణాల్లో గెలుపు కోసం బఫలో తన్నిన 47 గజాల కిక్ గోల్ స్తంభాల మధ్య పడకుండా కుడివైపుకు పోయింది. అది లోపల పడి ఉంటే ఇవాళ నేను ఈ ఉదాహరణ చెప్పేవాడిని కాదని మీరు అనవచ్చు. నిజమే. ఒక్క మ్యాచ్‌తో సిద్ధాంతాలు కట్టకూడదు. అయినా ఆ రాత్రి రన్ చేసిన పనులు రెండింటినీ విడదీసి చూడండి.

మొదటిది, బలహీన జట్టు ఆటను కుదించడం. ఒక్కో జట్టుకు పన్నెండు దాడులు దొరికే మ్యాచ్‌లో మెరుగైన జట్టు దాదాపుగా గెలుస్తుంది. ఎనిమిదికి తగ్గిస్తే అదృష్టానికి చోటు పెరుగుతుంది. నా జట్టు లీగ్‌లో అడుగున ఉన్న సీజన్లలో నేను రన్ ఎక్కువ ఆడేది అందుకే, గజాల కోసం కాదు.

రెండోది అసలైనది. రన్ విలువ రన్ గజాల్లో కనబడదు, అవతలివాడు తన మనుషులను ఎక్కడ నిలబెట్టాడన్న దానిలో కనబడుతుంది. దీనికి తిరగేసిన ఉదాహరణ 2025 ఫిబ్రవరిలో దొరికింది. ఆ సీజన్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ రన్నర్ సేక్వాన్ బార్క్‌లీ 2,005 గజాలు పరుగెత్తాడు. సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ అతన్ని కట్టడి చేశారు: 25 రన్‌లు, 57 గజాలు. రికార్డు పుస్తకం చూస్తే రన్ విఫలమైంది. కానీ ఈగల్స్ 40-22తో గెలిచారు. బార్క్‌లీ మీద పెట్టిన కళ్లు జేలెన్ హర్ట్స్ పాస్‌ల మీద పెట్టాల్సినవే కదా.

మీ ఇంజిన్‌లో ఈ సంబంధం ఉందా లేదా అన్నదే తేల్చుకోవాల్సింది. ముందు వరుసలో ఎంతమంది ఉన్నారన్నది చూడకుండా, రన్నర్ బలం నుంచి రక్షణ బలం తీసేసి పాచికలు వేసే ఇంజిన్లను నేను చూశాను. అక్కడ రన్ చచ్చిన పామే. మేం ఆడే ఆటలో ఒక వారం కూర్చుని పాత మ్యాచ్‌ల చిట్టాలు తిరగేశాను. ప్రత్యర్థి ఐదుగురు వెనుకటి రక్షకులను దింపినప్పుడూ, ఆరుగురిని దింపినప్పుడూ నా రన్‌లు ఎంత తెచ్చాయో వేరువేరుగా రాసుకున్నాను. తేడా స్పష్టంగా ఉంది. ఇంజిన్ రాసినవాడు, ఎవరోగానీ, పని తెలిసినవాడు.

అలాంటి లీగ్‌లో మదనపల్లె టమాటా కథే నడుస్తుంది. పోయినసారి ధర బాగుందని అందరూ టమాటా వేస్తే ఈసారి రోడ్డు మీద పారబోయాలి. అందరూ పాస్‌కు మళ్లిన సీజన్‌లో అందరి రక్షణలూ తేలికపడతాయి, అప్పుడు రన్ పండుతుంది. రెండు సీజన్లు గడిస్తే మళ్లీ ముందు వరుసలు బరువెక్కుతాయి. ఏ నెలలో ఉన్నామో తెలుసుకోకుండా 'రన్ ఇంకా పనిచేస్తుందా' అని అడగడం దండగ.

ఒక చోట మాత్రం నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. రన్ ఆడుతున్నట్టు నటించి పాస్ వేసే ఎత్తు ఉంది. తరచూ రన్ ఆడితేనే ఆ నటన నమ్ముతారని పాత కోచ్‌ల మాట. నిజమైన మ్యాచ్‌ల లెక్కలు తీసిన విశ్లేషకులు మాత్రం, అరుదుగా రన్ ఆడే జట్లకూ ఆ ఎత్తు బాగానే పారుతోందని చూపించారు. మా ఆటలో ఇంజిన్ పాత కోచ్‌ల పక్షమే, రన్ శాతం తగ్గితే నటన ఫలించదు. మీరు రేపు ఇంజిన్ రాసేటప్పుడు ఎవరి మాట వింటారో మీ ఇష్టం.

నిన్న రాత్రి మ్యాచ్ సంగతి కూడా చెప్పి కూర్చుంటాను. ప్రత్యర్థి ఆరుగురిని వెనక్కి పంపాడు, అంటే బెలిచిక్ వేసిన ఎత్తే. నేను ఇంతసేపు మీకు చెప్పినదంతా తెలిసి కూడా 41 పాస్‌లు రాసి పెట్టాను. మూడు అవతలివాళ్ల చేతుల్లో పడ్డాయి. ప్రశ్నలుంటే అడగండి, ఆ మూడింటి గురించి తప్ప.