అన్నయ్య అరికాలు (కార్తీక వనభోజనాల్లో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండి. పెద్దలకీ, పిల్లలకీ, తోట ఇచ్చిన దంపతులకీ, పొద్దున్నుంచీ పొయ్యిల దగ్గరే ఉన్న వంటవాళ్ళకీ, మైకు సెట్టు అబ్బాయికీ, ఎవర్నైనా మర్చిపోతే ఏమీ అనుకోకండి. నన్ను కార్తీక మాసం విశిష్టత గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. అది పంతులుగారు పొద్దున్నే చక్కగా చెప్పేశారు. నేను ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని, నాకు తెలిసింది పుళ్ళకి కట్లు కట్టడం. పైగా నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం కూడాను, 1921లో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకరైన బాంటింగ్ గారి పుట్టినరోజు. అంచేత నేను కాళ్ళ గురించి మాట్లాడతానండి. భోజనాల ముందు ఈ గోలేంటమ్మా అనుకోకండి, తిన్నాక ఎవరూ ఆగరు, నాకు తెలుసు.

మా అన్నయ్యకి తొమ్మిదేళ్ళుగా షుగరు. మాత్ర వేసుకునేవాడు, మూడు నెలలకోసారి రక్తం ఇచ్చొచ్చేవాడు, ఆ చీటీ తెచ్చి నాకు చూపించేవాడు. ఏటా లాగే ఆ ఏడూ అయ్యప్ప మాల వేశాడు. మాల వేస్తే చెప్పులుండవు కదా, తెల్లారుజామున కాలవలో స్నానం, గట్టు మీద నడక, కంకర రోడ్డు మీద నడక. ఒకరోజు మా ఇంటికి భిక్షకి వచ్చాడు. అరుగెక్కి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. నేను ఆకు వేద్దామని వంగితే గుమ్మం దగ్గర్నుంచి పీట దాకా బండల మీద వరసగా ఎర్ర మరకలు, రూపాయి బిళ్ళంతేసి, అన్నీ ఎడం కాలివే. స్వామీ కాలికేమైంది అంటే "ఏమైంది?" అని తిరిగి నన్నే అడిగాడు. ఎత్తి చూస్తే మడమలో తుమ్మముల్లు, విరిగి లోపలే ఉండిపోయింది, చుట్టూ తెల్లగా నానిపోయి వాసన కూడా మొదలైంది. అంటే ఆ రోజుది కాదు, రోజుల తరబడి దాని మీదే నడిచాడన్నమాట. "నొప్పి లేదు కదే" అన్నాడు.

ఆ నొప్పి లేకపోవడమేనండి జబ్బు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువుంటే కాలి నరాలు దెబ్బతింటాయి. ముందు తిమ్మిర్లు, రాత్రిళ్ళు అరికాళ్ళ మంటలు, దూది మీద నడిచినట్టు ఉండటం, ఆ తర్వాత అసలు ఏమీ తెలియదు. కొంతమందికి ఆ మంటలు కూడా రావు. ఇంకోపక్క కాలికెళ్ళే రక్తనాళాలు సన్నబడతాయి, లంక పొగాకు చుట్ట కాల్చేవాళ్ళకి ఇంకా తొందరగా, ఇక పుండుకి రక్తం అందకపోతే అది మానేదెలాగ? పసుపు పెట్టాం, ఆకుపసరు పోశాం అంటారు. పైన పెచ్చు కడుతుంది, లోపల చీము ఎముక దాకా పోతుంది.

అన్నయ్యకి ముందు రెండు వేళ్ళు తీశారు, తర్వాత మోకాలి కింద దాకా. మొన్న కార్తీకానికి ఆయన పోయి నాలుగేళ్ళు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఆ తొమ్మిదేళ్ళూ చూపించుకున్న చోట, పేరు చెప్పను, ఎన్నిసార్లు వెళ్ళాడో, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పులు విప్పి అరికాలు చూపించు అనలేదు. చీటీ చూశారు, మాత్ర రాశారు. నేనూ అంతే, ఊళ్ళో వాళ్ళందరి కాళ్ళూ పట్టుకుని కట్లు కట్టి, సొంత అన్నయ్య చేతిలో చీటీ చూసి పంపేశాను.

మనవాళ్ళు కాలు దాచుకుంటారండి. బోదకాలు ఉన్నవాళ్ళు పంచె జార్చి కట్టుకుని తిరగడం నా చిన్నప్పుడు ఎంత చూశానో. ఆ జబ్బుకి వాడే మందు, యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు నడిపించిన ల్యాబులోంచి వచ్చింది, ఆయన పుట్టింది 1895లో, మన భీమవరంలో. ఎక్కడో అమెరికాలో కూర్చుని ఆయన మన కాళ్ళకి మందు తెచ్చిపెడితే, మనం మన కాళ్ళు ఇంట్లోవాళ్ళకి కూడా చూపించుకోం.

సరే, గురుస్వాములు ఇక్కడే ఉన్నారు కాబట్టి చేతులెత్తి అడుగుతున్నా. షుగరున్న స్వాములకి చెప్పులు వేసుకోమని మీరే చెప్పండి. డాక్టరు చెప్తే వినరు, నేను చెప్తే అస్సలు వినరు, మీరు చెప్తే వింటారు. అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకి మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, అంటే మైక్రో సెల్యులార్ రబ్బరువి, దొరుకుతాయి. వేసుకునే ముందు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి. రాత్రి పడుకోబోయే ముందు కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాలు చూడాలి. వంగలేకపోతే అద్దం కింద పెట్టుకోండి, లేదా మనవణ్ణి చూడమనండి. కొబ్బరినూనె రాయండి కానీ వేళ్ళ సందుల్లో వద్దు. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు, వేడినీళ్ళ కాపడం అసలే వద్దు, కాలినా తెలియదు.

ఉపవాసం మాట కూడా. సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉండేవాళ్ళలో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళూ, గ్లిమిపెరైడ్ లాంటి మాత్ర వాడేవాళ్ళూ ఉంటే ముందే డాక్టర్ని అడగండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే షుగరు 70 కిందకి పడిందేమో, మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగేయండి, పావుగంట ఆగి మళ్ళీ చూడండి, తగ్గకపోతే మళ్ళీ తాగండి. మాట తడబడి మింగలేని స్థితిలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోండి. 30 దాటి ఇంతవరకూ టెస్టే చేయించుకోనివాళ్ళు ఊళ్ళో ఆశా వర్కరు అమ్మాయిని అడగండి. పరగడుపున 126 గానీ ఆ పైన గానీ వస్తే ఊరుకోకండి.

పులిహోర వడ్డించేస్తున్నారు, ఆపేస్తున్నా. నా సంచీలో ఒక దారం ఉంది, చూడ్డానికి గేలం దారంలా ఉంటుంది, ఆస్పత్రుల్లో స్పర్శ చూసేది, సరిగ్గా పది గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. కళ్ళు మూసుకుంటే అరికాలికి ఆనిస్తా, తెలిసిందో లేదో చెప్పాలి, అంతే, నొప్పేమీ ఉండదు. భోజనాలయ్యాక ఆ ఉసిరిచెట్టు కింద స్టూలు వేసుకుని కూర్చుంటా. బాబాయ్, ఆ వెనక నుంచి జారుకుంటున్నారు, చూశాను. ముందు మీరే రండి.