రంగం మనియార్డరు, కరాచీ జైలు

శ్రోతలకు నమస్కారం.

రెండు కాలాల్లో నడిచే చారిత్రక నవలలు ఈమధ్య జోరుగా వస్తున్నాయి. ముఖ్యంగా ఇంగ్లీషులో. యుద్ధకాలపు ఆడవాళ్ళ గురించి అయితే మరీను. వాటి నడక మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక అధ్యాయం రెండో ప్రపంచ యుద్ధంలో, పారిస్‌లోనో లండన్‌లోనో జరుగుతుంది. తర్వాతి అధ్యాయం ఇవాళ. ఇవాళ్టి అమ్మాయికి విడాకులో, ఉద్యోగం పోవడమో, ఏదో ఒక కష్టం. అమ్మమ్మ పోయాక ఇల్లు సర్దడానికి వెళ్తుంది. అటక మీద ట్రంకుపెట్టె, పెట్టెలో ఉత్తరాల కట్ట. అవి చదివేసరికి, జీవితమంతా కుట్లూ అల్లికలూ చేసుకుంటూ కూర్చున్న అమ్మమ్మ ఒకప్పుడు జర్మన్ల కళ్ళుగప్పిన గూఢచారి అని తేలుతుంది.

ఇవి నేను ఇష్టంగానే చదువుతాను. రైల్లో కాలక్షేపానికి వీటిని మించినవి లేవు. నాకు పేచీ రెండు చోట్ల. మొదటిది, ఇవాళ్టి అమ్మాయికి ఆ నవలలో పనేమీ ఉండదు. చదువుతుంది, ఏడుస్తుంది, ధైర్యం తెచ్చుకుంటుంది. అంతే. రెండోది, ఆ ఉత్తరాల కట్ట. 1941 జనాభా లెక్కల నాటికి మన దేశంలో వందమంది ఆడవాళ్ళను తీసుకుంటే చదవడం రాయడం వచ్చినవాళ్ళు పదిమంది కూడా లేరు. అటకలు మన ఇళ్ళలోనూ ఉన్నాయి, ట్రంకుపెట్టెలూ ఉన్నాయి. ఉత్తరాలే లేవు.

మరి మనకు అలాంటి కథ లేదా? ఉంది. దాన్ని వెతకడానికి పారిస్ పోనక్కర్లేదు, శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా సముద్రపు ఒడ్డు పట్టుకుని నడిస్తే చాలు.

ఆ ఒడ్డున ఊళ్ళల్లో ఒకప్పుడు "రంగం పోయాడు" అంటే రంగూన్ వెళ్ళాడని. బతుకుతెరువు కోసం మగవాళ్ళు కాకినాడలో, విశాఖపట్నంలో, కళింగపట్నంలో స్టీమరెక్కి, డెక్కు మీద పడుకుని, బర్మా చేరేవాళ్ళు. కూలీలను కుదిర్చి పంపే మేస్త్రీ ముందుగా కొంత అడ్వాన్సు ఇచ్చేవాడు. అది తీరేదాకా వాడు చెప్పిన చోట పని. రంగూన్ రేవులో బస్తాలు మోసింది మనవాళ్ళే, బియ్యం మిల్లుల్లో చేసింది మనవాళ్ళే, ఆ ఊరి వీధుల్లో రిక్షాలు లాగినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. గోదావరి ముఖద్వారంలో ఉన్న కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందరినీ "కోరంగీలు" అనేవారు. 1931 నాటికి బర్మాలో లక్షన్నర పైచిలుకు తెలుగువాళ్ళున్నారు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలా తక్కువ. ఆడవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు, పిల్లల్తో, అత్తమామల్తో, మేస్త్రీ అప్పుతో.

ఆ ఆడవాళ్ళకి చేరే కాగితం ఒకటుండేది. మనియార్డరు.

ఒక్కసారి ఆ మనియార్డరు ఫారం గుర్తు తెచ్చుకోండి. కింద కూపన్ ఉంటుంది, పంపినవాడు రెండు ముక్కలు రాసుకోవడానికి. రంగూన్‌లో కూలివాడికి రాయడం రాదు, అరుగు మీద కూర్చున్న ఎవరో రాసిపెట్టాలి. ఇక్కడ భార్యకి చదవడం రాదు, పోస్టుమేనే చదివి వినిపించాలి. మొగుడూ పెళ్ళాల మధ్య మాట ఇద్దరు పరాయి మగవాళ్ళ నోళ్ళు దాటి రావాలి. అందులో ఏం రాయగలరు? "క్షేమం. పిల్లవాణ్ణి జాగ్రత్తగా చూసుకో. మళ్ళీ నెల పంపుతాను." డబ్బు లెక్కపెట్టించుకుని ఆవిడ వేలిముద్ర వేస్తుంది. కూపన్ చింపి చేతికిస్తే దాన్ని చూరులో దోపుకుంటుంది. నాకే గనక ఈ నవల రాసే శక్తి ఉంటే, మొదటి అధ్యాయం ఆ పోస్టుమేను రాకతోనే మొదలుపెడతాను.

ఎందుకంటే 1942లో ఆ పోస్టుమేను రావడం మానేశాడు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మళ్ళీ క్రిస్మస్ నాడు వేశాయి. 1942 మార్చి మొదటి వారం దాటేసరికి రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. ఈ రెండున్నర నెలల్లో, ఆ తర్వాత మే, జూన్ దాకా, సుమారు ఐదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచి పారిపోయారు. ఓడల్లో చోటు దొరికినవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు నడిచారు. కొందరు ప్రోమ్ నుంచి కొండలు దాటి అరకాన్ తీరానికి, కొందరు తమూ మీదుగా మణిపూర్‌కి, అందరికంటే ఆలస్యంగా బయల్దేరినవాళ్ళు హుకాంగ్ లోయ గుండా అస్సాంకి. దారిలో కలరా, మలేరియా, ఆకలి. మే నెలలో వానలు దిగాక మోకాలి లోతు బురద. వేలమంది ఆ దారుల్లోనే రాలిపోయారు. ఎందరన్నది సరిగ్గా లెక్కపెట్టినవాడు లేడు. యూరోపియన్లకు మంచి దారి, భారతీయులకు చెడ్డ దారి కేటాయించారని అప్పట్లోనే మన నాయకులు ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీశారు.

సినిమా తీసేవాళ్ళైతే కెమెరా ఈ కొండల మీదే పెడతారు. తప్పు లేదు. నాకైతే ఇటువైపు ఒడ్డు మీద మిగిలిపోయిన ఆవిడే కావాలి. ఆవిడ యుద్ధం వేరు.

చూడండి. మొగుడి దగ్గర్నుంచి డబ్బు లేదు, కబురు లేదు. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా కూడా బాంబులు వేశాయి. ఆనాటి పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది, పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. పట్నం సగం ఖాళీ అయింది. ఆంధ్రా యూనివర్సిటీనే మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్ళిపోయింది. ఊరు విడిచి పోవడానికి బళ్ళు ఉన్నవాళ్ళు పోయారు, పోయి ఉండటానికి బంధువులున్నవాళ్ళు పోయారు. పైగా బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ధరలు ఎక్కడివక్కడ పైకి లేచాయి. కంట్రోలు వచ్చింది, కంట్రోలు షాపు ముందు వరస వచ్చింది. కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు. మేస్త్రీ మాత్రం రోజూ దొరుకుతాడు, బాకీ అడగడానికి.

వీటన్నిటికంటే గడ్డు సమస్య ఇంకోటుంది. మొగుడు బతికున్నాడా, లేడా? రంగూన్ నుంచి నడిచొచ్చిన పొరుగూరివాడు "ప్రోమ్ దాకా మాతోనే ఉన్నాడు, తర్వాత చూడలేదు" అంటాడు. ఆవిడ బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా? ఉంచుకుంటే, ఏ ఆశతో ఉంచుకున్నావని ఊరు ఎత్తిపొడుస్తుంది. తీసేస్తే, తిరిగొస్తే ఏం మొహం పెట్టుకుంటావంటుంది అత్త. పేరంటానికి పిలవాలా వద్దా అని పక్కింటివాళ్ళు తర్జనభర్జన పడతారు. మరిది మెల్లగా పొలం పంపకం మాట ఎత్తుతాడు. ఈ ఒక్క ముడి మీద రెండొందల పేజీలు నడపొచ్చు. ఒక్క తుపాకీ పేలనక్కర్లేదు.

ధీరవనితల కథలు వద్దనడం లేదు. అదే యుద్ధంలో, అదే బర్మా నేల మీద తుపాకీ పట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు. 1943లో సింగపూర్‌లో సుభాష్ చంద్రబోస్ తన ఆజాద్ హింద్ ఫౌజులో ఆడవాళ్ళ కోసం ఝాన్సీరాణి రెజిమెంటు పెట్టినప్పుడు దాన్ని నడిపింది డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్. పెళ్ళయ్యాక లక్ష్మీ సెహగల్. ఆవిడ జీవితమే రెండు కాలాల నవల. యుద్ధం ముగిశాక కాన్పూర్‌లో స్థిరపడి పేదవాళ్ళకు వైద్యం చేసింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో పనిచేసింది. 1984లో భోపాల్ గ్యాసు బాధితుల దగ్గరికి వెళ్ళింది. 2002లో రాష్ట్రపతి పదవికి అబ్దుల్ కలాం మీద పోటీ చేసింది. 2012లో, 97 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. కానీ ఆ రెజిమెంటులో చేరినవాళ్ళలో ఎక్కువమంది మలయా రబ్బరు తోటల్లో పనిచేసిన తమిళ కూలి అమ్మాయిలు. 1945 తర్వాత వాళ్ళెక్కడికి పోయారు? చాలామంది మళ్ళీ ఆ తోటల్లోకే పోయారు. డాక్టరుగారికి జీవితచరిత్ర దక్కింది, వాళ్ళకి దక్కలేదు.

మన దగ్గర ఈ లోటును కొంత పూడ్చిన ప్రయత్నం ఒకటుంది. 1980ల్లో హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, టేపు రికార్డరు ముందు పెట్టి, వాళ్ళ మాట వాళ్ళ నోటితోనే పట్టుకున్నారు. పోరాటం ఆగిన మూడు దశాబ్దాలకు. దళాల్లో తిరిగిన కథలు అందులో సరే, నన్ను ఆపేసింది మాత్రం పోరాటం అయిపోయాక జరిగిన సంగతి. ఇక ఇళ్ళకు పొండి, సంసారాలు చూసుకోండి అన్నారట. అడవుల్లో తిరిగొచ్చిన ఆడపిల్లను ఇంట్లో ఎలా చూశారు, ఊరు ఎలా చూసింది. చదవడం రాని మనిషి కథకు ట్రంకుపెట్టె అక్కర్లేదు, ఎదురుగా కూర్చుని ఓపిగ్గా అడిగే ఇంకో ఆడమనిషి కావాలి. ఇవాళ్టి అమ్మాయికి నవలలో పని లేదన్నాను కదా. ఇదిగో పని. దొరికింది చదవడం కాదు, అడగడం. అడిగినా చెప్పకపోతే మళ్ళీ అడగడం.

అయినా అడిగే మనిషికి కూడా తన సొంత బతుకంటూ ఒకటి ఉండాలి. లేకపోతే వట్టి విలేకరి అయిపోతుంది. ఆ బతుకు నేను కల్పించక్కర్లేదు, అదే ఒడ్డు మీద ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా వేల సంఖ్యలో గుజరాత్ వెళ్తారు. వెరావల్‌లో బోట్ల యజమానుల దగ్గర అడ్వాన్సు తీసుకుని నెలల తరబడి సముద్రం మీద ఉంటారు. సొంత ఒడ్డున పెద్ద బోట్లు నిలిపే రేవులు సరిగ్గా లేకపోవడం ఒక ముఖ్య కారణం. అప్పుడు మేస్త్రీ, ఇప్పుడు బోటు సేటు. అప్పుడు తూర్పుకి, ఇప్పుడు పడమటికి. 2018 చివర్లో అలా వెళ్ళినవాళ్ళలో కొందరిని, తమ జలాల్లోకి వచ్చారని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. మధ్యలో ఏడాదికి పైగా గడిచింది.

ఆ ఏడాదిలో ఏం జరిగిందో గుర్తుందా? 2019 ఫిబ్రవరి 14న పుల్వామా. 26న బాలాకోట్ మీద మన విమానాల దాడి. మర్నాడు మన పైలట్ వాళ్ళకు చిక్కడం. టీవీల్లో రాత్రింబవళ్ళు యుద్ధమే, స్టూడియోల్లో కేకలే. మనమంతా టెన్షన్‌గా చూశాం. మొగుడు కరాచీ జైల్లో ఉన్న మనిషి, ఉత్తరాంధ్రలోని ఒక రేకుల ఇంట్లో కూర్చుని, ఆ టీవీని ఎలా చూసి ఉంటుంది? స్టూడియోలో ఒకాయన "బుద్ధి చెప్పాల్సిందే" అని బల్ల గుద్దుతుంటే, ఆవిడకి ఆ మాట వెళ్ళి ఎక్కడ తగులుతుంది? దేశభక్తి లేక కాదు. ఆవిడ లెక్క వేరు. రేపు కలెక్టరాఫీసుకి వెళ్ళాలి, ఎల్లుండి ఏ నాయకుడొస్తే ఆయన కాళ్ళకు అడ్డం పడాలి. మధ్యలో పిల్లల ఫీజు, డ్వాక్రా అప్పు వాయిదా, చేపల గంప.

చదువుకున్న కూతురు ఆ ఇంట్లో ఉందనుకోండి. అర్జీలు రాసేది, ఆన్‌లైన్‌లో వార్తలు వెతికేది ఆ పిల్లే. ఒకరోజు ముసలి నానమ్మ, వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తూ, తల ఎత్తకుండా అంటుంది: "మా అత్తకీ ఇలాగే అయిందే. రంగం పోయినోడి కబురు రానేదు. ఆవిడ బొట్టు తియ్యనేదు." అక్కడ కలుస్తాయి రెండు కాలాలు. రహస్యం బయటపడి కాదు. ఒకే అవసరం రెండుసార్లు ఒకే ఇంటికి వచ్చి. ఈ పిల్లకి కావలసింది కుటుంబ గర్వం కాదు, సమాచారం. అప్పుడు అప్పెలా తీర్చారు? మరిదికి ఏం సమాధానం చెప్పింది? ఏళ్ళ తరబడి ఎలా నెట్టుకొచ్చింది? నానమ్మకి కొంత తెలుసు, కొంత తెలీదు. తెలీని చోట నవలాకారుడు పూనుకోవాలి, కల్పన పని అదే.

మధ్యకాలాన్ని మర్చిపోవద్దని మాత్రం రాసేవాళ్ళకు నా మనవి. 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చి, వ్యాపారాలు జాతీయం చేశాక, లక్షలమంది భారతీయులు మళ్ళీ కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలో కంచరపాలెం వైపున ఉన్న బర్మా క్యాంపు అలా వెలిసినదే. 1942లో వెనక్కి రాని మొగుళ్ళలో ఎవరైనా అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నారా? 1964లో ఆ ఓడ దిగిన బర్మా భార్య, పిల్లలూ అడ్రసు వెతుక్కుంటూ ఆ ఊరొస్తే? ఇరవై రెండేళ్ళు బొట్టు తియ్యని మనిషి తలుపు తీస్తే? నేనైతే ఆ ఇద్దరినీ కొట్టుకోనివ్వను, అలాగని కౌగిలించుకోనివ్వను. ముందు ఆ పిల్లలకు అన్నం పెట్టిస్తాను. తర్వాత పొలం పంపకంలో వాళ్ళ వాటా సంగతి ఎత్తిస్తాను. అప్పుడు తెలుస్తుంది ఆవిడేమిటో.

ఇక ముగింపు. మామూలుగా ఇలాంటి నవలలు వాఘా గేటు దగ్గర, పూలదండలతో ఆగిపోతాయి. అక్కడ ఆపితే నేనొప్పుకోను. మనిషి ఇంటికొచ్చాడు, సంతోషం. ఆర్నెల్లు తిరిగేసరికి మళ్ళీ వేట కాలం వస్తుంది. వెరావల్ నుంచి ఫోనొస్తుంది, ఈసారి అడ్వాన్సు ఎక్కువిస్తామంటారు. ఇంట్లో అప్పు అలాగే ఉంది. ఆయన సరేనంటాడు. ఈ ఏడాదంతా ఆఫీసులు తిరిగి, సంతకం పెట్టడం నేర్చి, ఇల్లు నడిపిన మనిషి "వద్దు" అంటుంది. "మరి తిండెలా?" అంటాడాయన. ఆవిడ ఏం జవాబు చెబుతుందో రాసినవాళ్ళు రాయాలి.

నమస్కారం.