పాత మాస్సీలో తర్వాత మోడల్ ఇంజన్ సామాను: ఏది సెట్ అయింది, ఏది కాలేదు

అందరికీ నమస్కారం అండి. పాత ట్రాక్టర్‌కి తర్వాత మోడల్ ఇంజన్ పార్టులు వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. నేను ఆ పని చేసేశా, తుక్కులో దొరికిన ఇంకో ఇంజన్ కొనుక్కొచ్చి దాంట్లోవి మా నాన్న కాలం నాటి మాస్సీలో పెట్టా, ఒక సీజన్ దమ్ము కూడా చేశా, కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మా బండిలోది పెర్కిన్స్ కంపెనీ మూడు సిలిండర్ల 152 ఇంజన్ అండి. 152 అంటే క్యూబిక్ ఇంచులు, మన లెక్కలో దాదాపు 2500 సీసీ, బోరు అంటే సిలిండర్ వెడల్పు 91.4, స్ట్రోకు అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం 127 మిల్లీమీటర్లు. 1959లో మాస్సీ 35లోకి వచ్చింది, అంతకుముందు దాంట్లో నాలుగు సిలిండర్ల 23సీ అని వేరే ఇంజన్ ఉండేది, చలిలో స్టార్ట్ అవ్వాలంటే ఏడిపించేది. 1964లో 135 మోడల్ వచ్చినప్పుడు కూడా ఇవే కొలతలు, పేరు మాత్రం ఏడీ 3.152. మన చెన్నైలో సింప్సన్ వాళ్లు పెర్కిన్స్ ఇంజన్లు చేస్తూ వచ్చారు కాబట్టి మన మెకానిక్‌లకి ఇది బాగా చెయ్యి తిరిగిన ఇంజన్.

సరే, బోరు ఒకటే స్ట్రోకు ఒకటే, ఇంక అన్నీ కూర్చుంటాయిలే అనుకున్నా. కూర్చున్నాయి కూడా, బోల్టులన్నీ బిగిశాయి, కానీ బోల్టు బిగిసినంత మాత్రాన సెట్ అయినట్టు కాదండి!

ముందు లైనర్ సంగతి చెప్తా, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గొట్టం, నాకు ఎక్కువ డబ్బులు పోయింది ఇక్కడే. ఈ ఇంజన్లలో కొన్నిటికి మామూలు కాస్ట్ ఐరన్ లైనర్లు, కొన్నిటికి క్రోమ్ లైనర్లు ఉంటాయి. నేను తెచ్చిన దాంట్లో క్రోమ్ లైనర్, సామాన్ల షాపులో పిస్టన్ చుట్టూ వేసే రింగులు అడిగితే అన్నీ ఒకటేనండి అని క్రోమ్ రింగుల సెట్టు ఇచ్చారు, నేనూ చూసుకోకుండా వేయించేశా. క్రోమ్ లైనర్ మీద క్రోమ్ రింగు అసలు వేయకూడదు, రెండూ గట్టివే, ఒకదాన్నొకటి గీసుకుంటాయి గానీ అరిగి కుదురుకోవు. రోజుకి అర లీటరు ఆయిల్ తాగింది, నీలం పొగ, బ్రీదర్ గొట్టంలోంచి ఆవిరి. మళ్లీ పైన సిలిండర్ మూత లాంటి హెడ్ దించి, కింద ఆయిల్ ఉండే సంపు దించి, మామూలు ఐరన్ రింగులు వేస్తే అప్పుడు కుదిరింది. మీరు కొనేముందు లైనర్ లోపల చూడండి, అనుమానం ఉంటే లేత్ ఆయనకి చూపించండి, పర్లేదు అరగంట పోతుంది.

రెండోది హెడ్, పిస్టన్, నాజిల్. ఈ మూడూ ఒకే ఇంట్లో మనుషుల్లాంటివి, విడదీయొద్దు. పిస్టన్ పైన గుంట ఉంటుంది కదా, నాజిల్ చిమ్మే డీజిల్ సరిగ్గా ఆ గుంటలో పడాలి, గుంట ఆకారం మారి నాజిల్ పాతదే ఉంటే డీజిల్ గోడకి తగులుతుంది, నల్ల పొగ వస్తుంది, పుల్లింగ్ ఉండదు, పిస్టన్ కాలిపోతుంది కూడా. హెడ్ ప్యాకింగ్ మందం కూడా అంతే ముఖ్యం. మా మెకానిక్ ఒక పని చేశాడు, మెత్తని సీసం తీగ ముక్క పిస్టన్ మీద పెట్టి, ప్యాకింగ్ వేసి హెడ్ పూర్తిగా బిగించి, ఇంజన్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి, తీగ ఎంత నలిగిందో వెర్నియర్‌తో కొలిచాడు. పది రూపాయల తీగతో పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య ఎంత సందు ఉందో తెలిసిపోయింది, అది చూశాకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

మూడోది వెనక క్రాంక్ సీలు, అంటే ఇంజన్ తిరిగే క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ కారకుండా ఆపేది, పాతవాటికి తాడు సీలు, తర్వాతవాటికి రబ్బరు లిప్ సీలు. కారడం ఆగుతుందని లిప్ సీలు ఒక్కటే కొనుక్కొచ్చి పెట్టకండి, తాడు సీలు క్రాంక్ మీద ఆయిల్ వెనక్కి లాగడానికి సన్న మరలు ఉంటాయి, అవి రబ్బరుని కోసేస్తాయి. క్రాంక్, సీలు, దాని హౌసింగ్ కలిపి మార్చాలి, లేదంటే తాడు సీలునే ఓపిగ్గా పెట్టించుకోవాలి, నేను తాడే ఉంచా.

బాగా నచ్చింది డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టడం! రాత్రి దమ్ములో లైట్లు నిజంగా లైట్లలా ఉన్నాయి. ఒక్కటే చూసుకోండి, పాత బండ్లలో కొన్నిటికి బాడీకి ప్లస్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది, అది మార్చకుండా ఆల్టర్నేటర్ కలిపారా డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

ఇంకొకటి, కొత్త కామన్ రైల్ ఇంజన్ సామాను వేస్తే మైలేజ్ వస్తుందా అని అడుగుతున్నారు. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకి ట్రెమ్ 4 అనే పొగ కాలుష్యం రూలు వచ్చింది, ఆ ఇంజన్లు చాలావరకు కంప్యూటర్ చెప్తే డీజిల్ కొట్టేవి. మన పాత నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది, వాటిల్లో 1600 బార్ దాకా ఉంటుంది, పంపు వేరు పైపులు వేరు, సెన్సార్లు లేకపోతే కదలదు కూడా. దాని జోలికి పోవద్దు అండి.

ఇప్పుడు టైం పొద్దున ఐదున్నర, రాత్రి నుంచి బండి ముట్టుకోలేదు, కెమెరా సైలెన్సర్ దగ్గర పెడుతున్నా, స్టార్ట్ చేస్తా, పొగ మీరే చూడండి.